వాదీ ఒడ్డున కప్పల పెళ్లి

కప్పలకు పెళ్లి చేస్తే వాన పడుతుందని మా మేనమామకు గట్టి నమ్మకం. కరీంనగర్ జిల్లా నుంచి ఒమన్ దాకా ఆ నమ్మకాన్ని వీసాతో పాటే తెచ్చుకున్నాడు. తొంభైల మొదట్లో అల్ ఖౌద్ దగ్గర ఇళ్లు కట్టే కంపెనీలో ఆయన మేస్త్రీ, నేను హెల్పర్ని. సైట్లో ఆయన మాటే చెల్లేది, రూములోనూ అంతే. నా పెళ్లి విషయంలోనూ తన మాటే చెల్లాలని పట్టుబట్టాడు, అక్కడే నాకు మండేది.

మా ఊళ్లో బీడీలు చుట్టే ఒక అమ్మాయిని చేసుకుంటానని నేనన్నాను. వాళ్ల కులం వేరు. మామ సరేనంటే అమ్మ సరేనంటుంది, మామ వద్దంటే ఇంట్లో ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. "ఆళ్లు వేరే, మనం వేరే. జోడి కుదరకుంటె ఏదీ మంచిగుండది అల్లుడా" అని తేల్చేశాడు. ఆయనకు కూతుళ్లు లేరు గనుక ఇందులో స్వార్థం లేదు, వట్టి మొండితనమే. స్వార్థమైతే బేరమాడొచ్చు, మొండితనంతో ఏం చేస్తాం.

ఆ ఎండాకాలం ట్యాంకులో నీళ్లు ఒంటి మీద పోసుకోలేనంత కాగేవి. వాన పడితే గానీ డ్యూటీ బంద్ కాదని, కప్పల పెళ్లి చేద్దామని ఒక శుక్రవారం మామ ప్రకటించాడు. రూమంతా సంబరపడింది. కప్పలు తెచ్చే పని నాకు పడింది.

"ఆడిది పెద్దగుంటది, మొగది చిన్నగుంటది. సరిగ్గ జూసి పట్కరా. జోడి తప్పితే సుక్క గూడ పడది" అన్నాడు అందరి ముందూ. ఆ మాటను నేను జాగ్రత్తగా దాచుకున్నాను.

అక్కడి బోదురు కప్పలు పైకి అన్నీ ఒకటే. మట్టి రంగు, ఒళ్లంతా పొక్కులు. కానీ కొండల్లోంచి వచ్చే వాదీలో, అంటే మన వాగులో, వారం వారం బట్టలు ఉతికే నాకు అవి రెండు రకాలని తెలిసిపోయింది. రంగును నమ్మలేం, సైజునూ నమ్మలేం. కంటి వెనక చూడాలి. మడుగును వదలని రకానికి అక్కడ చెవి బిళ్ల చిన్నది, పొక్కుల మధ్య వెతుక్కోవాలి. నీళ్లకు దూరంగా రాళ్ల కింద నక్కే రకానికి అది దాదాపు కన్నంత ఉంటుంది, అంగీ గుండీలా గుండ్రంగా.

మడుగులోంచి ఒక పెద్దదాన్ని, క్యాంపు వెనక రాయి కింది నుంచి ఒక చిన్నదాన్ని పట్టి బకెట్లో వేశాను. కావాలనే వేశాను. మా బండి నడిపే హైదరాబాద్ భాయ్‌కి మాత్రం చెవులు చూపించి సంగతి చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, ఆనక అడిగాడు: "పానీ నై పడా తో క్యా కర్తే మియా?"

వాన పడకపోతే మామ మొదట జోడీనే అనుమానిస్తాడు. చెవులు చూశాడా, ఇక ఆ అమ్మాయి పేరు ఎత్తలేను. నాకు నిజంగానే భయం వేసింది.

మామ దారానికి పసుపు పూసి, తెలిసినంత మంత్రం చదివి పెళ్లి చేశాడు. వాన పడేదాకా బకెట్లోనే కాపురమని ఆజ్ఞాపించాడు. పెళ్లివారి మర్యాదకు లోటు రాకుండా నేను ఈగలు పట్టి పెట్టాను.

వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం కొండల మీద మబ్బు లేచింది. కుండపోతగా కురిసింది. వాదీ పొంగి రోడ్డు తెగి, డ్యూటీ బంద్ అయింది. మామ లుంగీ ఎగ్గట్టి వానలో తిరుగుతూ, జోడీ అలా కుదిరిందని కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు.

ఆయన అలిసి కూర్చున్నాక బకెట్ తెచ్చి ముందు పెట్టాను. "మామా, పెండ్లిపిల్ల చెవి జూడు. ఇగ పిలగాని చెవి జూడు."

చూశాడు. మళ్లీ చూశాడు. భాయ్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. మామ కప్పలను తీసుకెళ్లి దేని చోట దాన్ని వదిలి, తడిసిపోయి వచ్చాడు.

"రోడ్డు దెర్సినంక మీ అమ్మకు ఫోన్ కలుపు. నేను మాట్లాడ్త" అన్నాడు.

మాకు పాప పుట్టినప్పుడు మామ సెలవు మీద వచ్చాడు. ముక్కు మా అమ్మదని, కళ్లు తల్లివని అందరూ అంటుంటే, ఆయన మాత్రం పాప తల మెల్లగా పక్కకు తిప్పి చెవులు చూశాడు.

"మంచిగున్నయి" అన్నాడు.