ఆటకు కూలి అడిగిన మా వదిన

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా ఆయన ఫోన్లో ఏదో వార్త చదివి వినిపించారు. ఎక్కడో పరాయి దేశంలో కాలేజీ జట్లకి ఆడే పిల్లలకి డబ్బివ్వాలా వద్దా అని పెద్ద వాదం నడుస్తోందట. చదివి ఊరుకుంటే గొడవే లేదు. "చదువుకునే పిల్లలకి డబ్బులేంటి, ఆట పాడైపోదూ?" అని తీర్పు కూడా ఇచ్చేశారు. ఆయన జన్మలో ఆడిన ఆట క్యారమ్స్ ఒక్కటే, అదీ కూర్చుని. నేను గరిటె పులుసు గిన్నెలో పడేసి, "ఒళ్ళు హూనం చేసుకుని ఆడినవాళ్ళని అడగండి, చెప్తాం" అన్నాను. ఆయన ఫోన్ పక్కన పెట్టి పెరుగన్నం కలుపుకున్నారు. నాకు మాత్రం ఆ పూటంతా మా వదినే గుర్తొస్తూ ఉంది.

వదినంటే మా మేనత్త కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఇద్దరం ఒకే ఊళ్ళో పెరిగాం, గుంటూరు దగ్గర ఒకే ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరాం. చేరామనడం కంటే పట్టుకెళ్ళారనడం సబబు. ఊరి కబడ్డీ పోటీల్లో వదిన కూతకెళ్ళడం చూసి, ఆటలు నేర్పే పీడీ సారు మర్నాడే ఇంటికొచ్చారు. "ఫీజు లేకుండా చదివిస్తామమ్మా" అన్నారు. రెండేళ్ళ తర్వాత నాకూ అదే మాట చెప్పారు. ఫీజు ఎలాగూ ప్రభుత్వమే కట్టేది. మరి వాళ్ళు మా కోసం వదులుకున్నదేమిటో ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. వదిన బక్కగా, పొడుగ్గా ఉండేది. గీత దాటేముందు అవతలి పిల్లల్ని పేరుపేరునా పలకరించి మరీ వెళ్ళేది. తిరిగొచ్చేసరికి వాళ్ళలో ఇద్దరు బయట కూర్చుని ఉండేవాళ్ళు. వదిన చేరిన ఏడే కాలేజీ గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో వదిన ఫోటో తమలపాకంత, కాలేజీ యజమాని కరస్పాండెంట్ గారి ఫోటో అరిటాకంత. ఆ ఫ్లెక్సీ చూసి అడ్మిషన్లు బాగా పెరిగాయని ఆఫీసులోనే చెప్పుకునేవారు. ప్రాక్టీసయ్యాక మాకు మాత్రం తలా రెండు అరటిపళ్ళు, గ్లాసుడు గ్లూకోజు నీళ్ళు.

వదిన మూడో ఏడు చదువుతుండగా కాలేజీల మధ్య పోటీలు మిరపకాయల కాలంలో వచ్చాయి. ఫైనల్ మా గ్రౌండులోనే. అందులో బాగా ఆడినవాళ్ళని యూనివర్సిటీ జట్టుకి తీసుకుంటారు. ఆ జట్టులో ఆడితే ఆటల కోటాలో ఉద్యోగం వస్తుందని వదిన ఆశ. దానికి ముందు పదిరోజుల క్యాంపు. మా నాన్నకి రెండెకరాల పత్తి ఉంది కాబట్టి నాకు బెంగ లేదు. మేనత్త ఒంటరి మనిషి. కళ్ళంలో ఎండిన కాయలకి తొడిమలు తీస్తే వచ్చే కూలితోనే ఆ రెండు నెలలూ ఇల్లు గడిచేది, అదీ తల్లీ కూతుళ్ళిద్దరూ కూర్చుంటేనే. అందుకని వదిన పీడీ సారు దగ్గరికెళ్ళి, క్యాంపు రోజులకి పోయే కూలి కాలేజీ ఇస్తే బాగుంటుందని మర్యాదగానే అడిగింది. "ఆటని డబ్బుతో కొలవకూడదమ్మా, ప్రేమించాలి" అన్నారాయన. బయటికొచ్చాక వదిన, "ఆ ప్రేమని కొలిచి రెండు శేర్లు బియ్యం ఇస్తారేమో అడగాల్సిందే పిల్లా" అని పకపకా నవ్వింది. ఆ పదిరోజులూ తెల్లారకముందే కళ్ళానికెళ్ళి, అక్కణ్ణుంచి నేరుగా గ్రౌండుకొచ్చేది.

ఫైనల్ రోజునా అలాగే వచ్చింది. తొడిమలు తీసిన చేతుల మంట మీకు తెలుసో లేదో, ఎన్ని సబ్బులు అరగదీసినా అది వదలదు. మా వైపు ఆడవాళ్ళు నూనె పట్టిస్తారు, దానికి కాస్త లొంగుతుంది. కానీ కబడ్డీలో ఒంటికి నూనె రాసుకుని దిగకూడదు, పట్టు జారిపోతుందని రూలు. వదిన రూలుకి కట్టుబడి మండే చేతులతోనే దిగింది. రెండో కూతలో దర్శి వైపు నుంచి వచ్చిన పిల్ల మొహానికి ఆ చెయ్యి తగిలింది. ఆ పిల్ల కళ్ళు నులుముకుంటూ కూలబడింది. "కారం పూసుకొచ్చింది! మోసం!" అని వాళ్ళ జట్టంతా గోల. అంపైర్ ఆట ఆపేశాడు.

కరస్పాండెంట్ గారు స్టేజీ దిగి వచ్చారు. "మ్యాచ్ పెట్టుకుని కూలికెళ్ళటమేంటమ్మా? కాలేజీ పరువు తీశావు. మైకులో క్షమాపణ చెప్పి ఆడు" అన్నారు.

వదిన చేతులు కట్టుకోలేదు. "టెంటు వేసినాయనకి ఇచ్చారు, మైకాయనకి ఇచ్చారు, అంపైర్ గారికీ ఇచ్చారు. మేం లేకపోతే వీళ్ళెవరికీ ఇక్కడ పని లేదు. మాకేమో అరటిపళ్ళా అండీ?"

"ఆటకి కూలి అడుగుతావా?"

"అవునండీ, కూలే. ఒళ్ళొంచితే దాన్ని మా ఊళ్ళో కూలే అంటారు. తప్పు చేస్తే చెప్తా క్షమాపణ. నేను చెయ్యలా."

అప్పటికి ఆ దర్శి పిల్ల కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "మా అమ్మ కూడా తొడిమలే తీస్తుందండీ. ఆ అక్క కావాలని చెయ్యలేదు, ఆడనివ్వండి" అంది. అంపైర్ ఒప్పుకునేవాడే. కరస్పాండెంట్ గారు మాత్రం క్షమాపణ చెబితేనే అన్నారు. వదిన మా అందరి వైపూ ఒకసారి చూసి, గీత దాటి, చెప్పులేసుకుని గేటు వైపు నడిచింది. నేను గ్రౌండులోనే నిలబడిపోయాను. భయమేసింది. అంతకంటే మంచి సాకు నా దగ్గర ఇప్పటికీ లేదు. మేం గెలిచాం కూడా. ఆ కప్పుతో దిగిన ఫోటో నేను ఏనాడూ గోడకి పెట్టలేదు.

వదినని యూనివర్సిటీ జట్టుకి పిలవలేదు, కాలేజీ జట్టులోంచీ పేరు కొట్టేశారు. డిగ్రీ మాత్రం పూర్తి చేసింది. ఇప్పుడు కళ్ళాల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠాకి తనే మేస్త్రి. రేటు తేలందే ఒక్కరినీ కాయ ముట్టనివ్వదు. నేను పొన్నూరు దగ్గర స్కూల్లో ఆటల టీచర్నయ్యాను. మా పిల్లల్ని తీసుకుపోవడానికి కాలేజీలవాళ్ళు వస్తే, క్యాంపు రోజులకి ఏమిస్తారని మొదటే అడుగుతాను. డబ్బు మనిషినని వెనకాల అంటారట. వెనకెందుకు, నా మొహం మీదే అనమనండి. ఆట పాడైపోతుందని బాధపడేవాళ్ళలో ఆ పూట కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్ళు ఒక్కరైనా నాకింతవరకూ కనబడలేదు. మా ఆయనతో సహా.

కాలేజీకి ఏటా కొత్త పిల్లలు దొరుకుతారు, ఏటా కొత్త కప్పు వస్తుంది. మా వదినకి మాత్రం ఇరవయ్యో ఏడు ఒక్కసారే వచ్చింది, దాన్ని వాళ్ళు ఊరికే వాడుకున్నారు.