గ్రీనా, బ్రౌనా

స్వచ్ఛంద పదవీ విరమణ అని ముద్దుపేరు పెట్టి ఆఫీసు వాళ్లు నన్ను ఇంటికి పంపేశారు. పనిలేకుండా కూర్చోవడం చేతకాక నేను ఇంటినే ఆఫీసు చేసుకున్నాను. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మాది కింద రెండు గదులు, మేడమీద ఒకటి ఉన్న ఇల్లు. కంప్యూటర్లు రెండు, మనుషులం ఇద్దరం. అయినా హాల్లో గోడకు కంప్యూటర్లను కలిపే హబ్బు బిగించి ప్రతి గదికీ కేబుల్ లాగాను, వంటింటితో సహా.

"వంటింటికి దేనికండీ? చారుకు నెట్టు కావల్లనా?" అంది మా ఆవిడ.

దేనికో నాకూ తెలియదు. ఉద్యోగమంతా ఊళ్లోవాళ్ల గోడలకు తీగలు లాగినవాణ్ణి, నా గోడలు బోసిగా ఉంటే చూడలేకపోయాను. అప్పటికే అందరూ వైర్‌లెస్ పెట్టుకుంటున్నారు. వచ్చినవాళ్లంతా ఈ తీగలు పీకి పారేయమని సలహా చెప్పి, మా కాఫీ తాగి పోయేవాళ్లు.

మేడమీది గది పూర్తిగా నాది. చిక్కపేట సందుల్లో తుక్కు కింద అమ్మే పాత రేడియోలు తెచ్చుకుని అక్కడ బాగుచేసేవాణ్ణి. ఏళ్ల తరబడి మూగగా పడి ఉన్న రేడియో గొంతు సవరించుకుని మాట్లాడిన రోజు, అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి. వాటిలోని చిన్న చిన్న భాగాల మీద రంగు గీతలుంటాయి. ఏది ఎంత విలువదో ఆ గీతల్ని బట్టే తెలుస్తుంది. కేబుల్ లోపలి తీగలకూ రంగులే గుర్తు. నా చదువంతా రంగులే అనుకోండి.

ఆ తరవాత నాకు క్షయ వచ్చింది. నెలల తరబడి మాత్రలు మింగాను. దగ్గు పోయింది, ఒళ్లు పట్టింది, ఇక బతికిపోయాననుకున్నాను. అప్పుడే ఒకరోజు రేడియోలో గీతలన్నీ మురికినీళ్ల రంగులో కనిపించాయి. కళ్లద్దాలు కడిగాను. బల్బు మార్చాను. బల్బు అమ్మినవాణ్ణి తిట్టాను కూడా. కొన్నాళ్లకు ఏ మనిషి వంక చూసినా మొహం ఉండాల్సిన చోట మసక కనిపించడం మొదలైంది.

కంటి డాక్టరు మన తెలుగమ్మాయే. "మీ మాత్రల్లో ఒకటి కంటి నరాన్ని కొట్టింది సార్. ఆపేసినాం కదా, కొందరికి మెల్లగా తిరిగొస్తాది. రంగులు తెలుస్తా ఉండాయా లేదా, చూసుకుంటా ఉండండి" అంది.

"రాకపోతే?"

"ఇంకా పోకుండా చూసుకోవల్ల సార్."

అంతే, అప్పట్నుంచి నా ఆశంతా రంగుల మీదే పెట్టుకున్నాను. కేబుల్ తీగల్ని ముక్కలుగా కత్తిరించి ఒక కప్పులో వేశాను. పొద్దున కాఫీ అయ్యాక ఒక ముక్క తీసి కిటికీ దగ్గర పట్టుకుని రంగు చెప్పాలి. అది తప్పో ఒప్పో మా ఆవిడ చెప్పాలి. ఆమె ఆనేకల్‌లో మగ్గాలున్న ఇంట్లో పుట్టింది, పట్టునూలు వేరుచేస్తూ పెరిగింది. రంగుల విషయంలో ఆమెను బోల్తా కొట్టించడం ఎవరి వల్లా కాదు.

మొదట్లో అన్నీ తప్పులే. "కాదండీ, అది బ్రౌను" అనేది. ఆ మాట చెంపదెబ్బలా తగిలేది. ఆ రోజంతా ఆమెతో మాట్లాడేవాణ్ణి కాదు. తరవాత తరవాత ఒప్పులు పెరిగాయి. కొన్ని నెలలకు ఏది తీసినా ఒప్పే. నాకు నిజంగానే పచ్చ పచ్చగా కనిపిస్తున్నట్టు అనిపించేది. చర్చిలో లేచి నిలబడి, నా చూపు తిరిగొస్తోందని అందరి ముందూ సాక్ష్యం చెప్పాను. పక్కన మా ఆవిడ తల వంచుకుని కూర్చుంది. ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను.

ఆ తరవాత ఎలుకలు మేడమీదికి పోయే కేబుల్ కొరికేశాయి. ఆదివారం ఆమెను ఒక్కదాన్నే చర్చికి పంపి, ఆమె వచ్చేలోగా చేసి చూపిద్దామని కొత్త కేబుల్ లాగాను. భూతద్దం పెట్టుకుని రెండు కొసలూ బిగించాను. టెస్టర్ పెడితే ఎనిమిది తీగలకూ ఎనిమిది దీపాలు వరసగా వెలిగాయి. ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను.

కానీ మేడమీది కంప్యూటర్‌కు లైను నిలవలేదు. వస్తుంది, పోతుంది. హబ్బు మార్చినా అంతే, కంప్యూటర్ మార్చినా అంతే. అప్పుడు తెలిసింది. కేబుల్‌లో తీగలు జంటజంటగా మెలేసి ఉంటాయి, ఒక జంటలోని తీగ ఇంకో జంట చోట పడితే లైను నిలవదు. గ్రీనుకూ బ్రౌనుకూ తేడా తెలియనివాడు రెండు కొసల్లోనూ అదే తప్పు చేస్తాడు. అప్పుడు టెస్టర్‌కు అంతా బాగానే కనిపిస్తుంది. జంట మారిన సంగతి లైను నడిపితేనే బయటపడుతుంది. పనిలో చేరిన కొత్తల్లో కుర్రాళ్లు ఈ తప్పు చేస్తే నేను నవ్వేవాణ్ణి.

మరి రోజూ పొద్దున ఆమె ఒప్పంటున్నదంతా? మనసు ఒప్పుకోలేదు. రేడియోలకు వాడే తీగ చుట్ట ఒకటి తీసి, దాని మీద అచ్చువేసిన రంగు పేరు భూతద్దంతో కూడబలుక్కుని చదివాను. ఎరుపు. దాంట్లోంచి చిన్న ముక్క కత్తిరించి చేతిలో పెట్టుకున్నాను.

ఆమె వచ్చింది. ఇంకా చెప్పులైనా విప్పలేదు.

"ఇది పచ్చే కదా?" అన్నాను, నవ్వు మొహంతో.

దగ్గరికొచ్చి చూసింది. "పచ్చేనండీ. చక్కగా చెప్పినారు."

కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. నా కళ్లు ఇక రావని ఆమె ఎప్పుడు గ్రహించిందో, ఎన్నాళ్లుగా ఆ మాట ఒక్కతే కడుపులో దాచుకుందో తలుచుకుంటే గుండె చెరువైంది. ఆకలేస్తోంది, అన్నం పెట్టమన్నాను.

మర్నాడు కాఫీ అయ్యాక కప్పు తెచ్చి నా ముందు పెట్టింది. ఒక ముక్క తీసి, కిటికీ వైపైనా తిరగకుండా, నోటికొచ్చిన రంగు చెప్పాను. ఒప్పేనంది.