కదిలిన బంతి

శేషగిరి గోల్ఫ్ కోచ్ అవుతానన్నప్పుడు మొదట నవ్వింది ఆయన భార్య అనురాధే. నవ్వక ఏం చేస్తుంది? టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన మనిషి. వారాంతం వస్తే హైవే పక్కనున్న ప్రాక్టీస్ మైదానంలో బంతులు బాదడం, పోగైన తెలుగు పిల్లలకు కర్ర పట్టుకోవడం నేర్పడం తప్ప ఆయనకు వేరే లోకం ఉండేది కాదు. గ్రీన్‌కార్డు చేతికి వచ్చిన వారానికే ఉద్యోగానికి దండం పెట్టేశాడు. వర్జీనియా కొండల్లో ఒక మిలిటరీ అకాడమీ వాళ్లు అసిస్టెంట్ కోచ్‌గా తీసుకున్నారు. అనురాధ అదే రాష్ట్రంలోని ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ కంపెనీలో చేరింది. "ఇన్సూరెన్స్ నేను తెస్తాను, మీరు కప్పులు తెండి" అని వేళాకోళం చేసేది.

కప్పులు ఎక్కడివి? గోల్ఫ్ బాగా ఆడే పిల్లలు తల గొరిగించుకుని, తెల్లారకముందే లేచి కవాతు చేసే కాలేజీకి ఎందుకు వస్తారు? వచ్చినవాళ్లతోనే జట్టు కట్టాలి. పెద్ద కోచ్ రిటైరయ్యాక ఆ కుర్చీ శేషగిరికి దక్కింది కూడా వేరెవరికీ అక్కర్లేకే. ఆయన జట్లు చాలా ఏళ్లు తోకన నిలిచాయి. ఆయన మాత్రం ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు.

ఆయన నిజంగా బాగా నేర్పిన పాఠం ఒకటుంది. గోల్ఫ్‌లో అంపైర్ వెంట తిరగడు. పొడుగు గడ్డిలో నువ్వూ నీ బంతీ తప్ప మూడో మనిషి ఉండడు. తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు, పొరపాటు జరిగితే నీ మీద నువ్వే పెనాల్టీ వేసుకుని లెక్కలో ఒక స్ట్రోక్, అంటే ఒక దెబ్బ, కలుపుకోవాలి. చేరిన ప్రతి పిల్లవాడికీ, పిల్లకీ మొదటి రోజే ఇది చెప్పేవాడు. అకాడమీకీ ఒక నియమం ఉంది. అబద్ధమాడకూడదు, మోసం చేయకూడదు, దొంగిలించకూడదు, చేసినవాణ్ణి చూసీ చూడనట్టు ఊరుకోకూడదు. తప్పితే చిన్న శిక్ష, పెద్ద శిక్ష అని లేవు. ఉన్నది ఒకటే, ఇంటికి పంపేయడం. ఈ రెండూ ఒకటేనని శేషగిరి గట్టిగా నమ్మాడు. తన ఆటకు ఇంతకంటే తగిన చోటు లేదని మురిసిపోయేవాడు కూడా. పాపం, అక్కడే దెబ్బతిన్నాడు.

రుత్విక్ ఆష్‌బర్న్ కుర్రాడు. తల్లి రాగిణికి వాడు సైన్యం వైపు వెళ్లడం సుతరామూ ఇష్టం లేదు. శేషగిరే వాళ్లింటికి వెళ్లి, ఆవిడ పెట్టిన గుత్తివంకాయ కూర తింటూ, "మీ వాణ్ణి నాకు వదిలేయండమ్మా, నేను చూసుకుంటాను" అని మాటిచ్చి తెచ్చుకున్నాడు. మైదానంలో వాడికి ఆయన కోచ్, బయట అంకుల్. నాలుగేళ్లు గడిచి చివరి వసంతం వచ్చింది. మే నెలలో డిగ్రీ, దానితో పాటు ఆఫీసర్ హోదా. రాగిణి అప్పటికే బంధువులందరికీ ఫోన్లు చేసి రమ్మంది.

ఆ ఏప్రిల్‌లో జరిగిన టోర్నమెంట్‌లో ఆయన జట్టు ఒకే ఒక్క స్ట్రోక్ తేడాతో గెలిచింది. ఆయన కోచింగ్ జీవితంలో అది మొదటి గెలుపు. తిరుగు ప్రయాణంలో బస్సులో శేషగిరి పాత సినిమా పాటలు పాడాడు. అర్థం కాకపోయినా పిల్లలు చప్పట్లు కొట్టారు. రుత్విక్ మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అలిసిపోయాడులే అనుకున్నాడాయన.

మర్నాడు పొద్దున వాడే వెతుక్కుంటూ వచ్చాడు. గడ్డిలో కర్ర ఆనించినప్పుడు బంతి కొంచెం కదిలిందని, ఎవరూ చూడలేదని, పెనాల్టీ వేసుకోకుండానే ఆడేశానని చెప్పాడు.

"స్కోరు కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు తెలుసా?" అని అడిగాడు శేషగిరి.

"తెలుసు కోచ్. టీమ్ విన్ అవుతుంది కదా అని పెట్టేశాను. నైట్ నిద్ర రాలేదు."

శేషగిరికి మొదట గుండె జారింది, వెంటనే పొంగింది. కప్పు పోతే పోయింది, పాఠం మిగిలింది అనుకున్నాడు. వాణ్ణి దగ్గరకు తీసుకున్నాడు. టోర్నమెంట్ వాళ్లకు ఫోన్ చేసి జరిగింది చెప్పేశాడు. వాళ్లు రుత్విక్ స్కోరు కొట్టేశారు, కప్పు రెండో జట్టుకు పోయింది, నిజాయితీకి మెచ్చుకున్నారు. గోల్ఫ్ వరకు కథ అక్కడితో అయిపోయింది.

ఆయన అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. సోమవారం కోచ్‌లందరి మీటింగ్‌లో, కప్పు ఎలా పోయిందో అడిగితే, కొడుకు గొప్ప చెప్పుకునే తండ్రిలా మొత్తం విప్పి చెప్పాడు. ఆ బల్ల చివర ఒక కల్నల్ ఉన్నాడు, మంచివాడే, రుత్విక్ అంటే ఇష్టమున్నవాడే. తెలిసే సంతకం పెట్టాడా అని ఆయన నెమ్మదిగా అడిగాడు. అవునండీ, అయినా తనంతట తనే వచ్చి చెప్పాడు, అదే కదా విశేషం అన్నాడు శేషగిరి. కల్నల్ ముఖం పాలిపోయింది. విన్నాక నేను ఊరుకుంటే నేనూ తప్పు చేసినవాణ్ణే, క్షమించండి అని లేచి వెళ్లాడు. తానేం చేశాడో శేషగిరికి అప్పుడు తెలిసింది. నాలుక కోసుకున్నా ఆ మాట వెనక్కి రాదు.

అకాడమీలో విచారణ చేసేది విద్యార్థులే. శేషగిరి ఎక్కని గుమ్మం లేదు. పెద్దవాళ్లందరూ మర్యాదగా కూర్చోబెట్టి విన్నారు, జాలిపడ్డారు, ఇది విద్యార్థుల నియమం, మా చేతిలో లేదన్నారు. విచారణ రోజు గది బయట బెంచీ మీద కూర్చుని ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. కదిలిందో లేదో వాడికి సరిగ్గా తెలియదని సాక్ష్యం చెప్పాలి. కల్నల్‌తో తొందరపడి అలా అన్నానని సర్దుకోవాలి. జీవితంలో మొదటి అబద్ధం కాకపోయినా, ఇది తన నోటితో తన పాఠాన్నే తుడిపేసే అబద్ధమని ఆయనకు తెలుసు. అయినా సిద్ధపడ్డాడు.

ఆయన్ని లోపలికి పిలిచేసరికి రుత్విక్ అన్నీ చెప్పేశాడు. తెలుసని, తెలిసే పెట్టానని. బల్లకు అటువైపు కూర్చుని విచారణ నడిపే కుర్రాడికి ఇరవై ఒకటో, ఇరవై రెండో, వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంకేమైనా చెప్పేదుందా సర్ అని అడిగాడు. శేషగిరి నోరు తెరిచాడు. చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మంచి పిల్లవాడు అన్నాడు. అందరూ తలూపారు.

ఆ సాయంత్రమే యూనిఫాం అప్పగించి, జీన్స్‌లో, సూట్‌కేసు పక్కన పెట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాడు రుత్విక్. రాగిణి కారు రావడానికి ఇంకా టైముంది. శేషగిరి వచ్చి వాడి పక్కన కూలబడ్డాడు.

"నాకు చెప్పకుండా ఉండాల్సిందిరా" అన్నాడు చివరికి.

వాడు ఆశ్చర్యంగా చూశాడు. "మీకు కాకపోతే ఎవరికి చెప్తాను, అంకుల్?"

కారు వచ్చింది. రాగిణి దిగలేదు, ఆయన వైపు చూడనూ లేదు. తిడుతుందేమోనని శేషగిరి గుండె దిటవు చేసుకుని నిలబడ్డాడు, ఆ తిట్లు కూడా దక్కలేదు.

ఉద్యోగం మానేయమని అనురాధ చాలాసార్లు చెప్పింది. ఆయన మానలేదు. మానితే ఆ పాఠం తప్పని ఒప్పుకున్నట్టవుతుందని ఒకసారి అంటాడు, ఇంకేం పని చేతకాదని ఇంకోసారి అంటాడు. కొత్త పిల్లలకు కర్ర పట్టుకోవడం చెప్తాడు, గాలి చూసుకోవడం చెప్తాడు. పెనాల్టీల సంగతి పుస్తకంలో ఉంది చదువుకోమంటాడు.

మొన్న సెప్టెంబరులో ఒక మ్యాచ్ అయ్యాక, మొదటి ఏడాది పిల్ల రిషిత, అందరూ బస్సెక్కేదాకా ఆగి ఆయన దగ్గరకు వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. చేతిలో టోపీ నలుపుతోంది.

"కోచ్, మీకు ఒక విషయం చెప్పాలి" అంది.

బస్సుకు ఆలస్యమవుతోందమ్మా, పద అన్నాడు శేషగిరి. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. ఆయన బ్యాగు భుజానికెత్తుకుని, ఆమెకు ముందుగా, గబగబా బస్సు వైపు నడిచాడు.