వియాం వద్దన్నది

పూర్వం మా ఇంట్లో మధ్యాహ్నం ఒకటే పెద్ద మట్టిపళ్ళెం బల్ల మధ్యన పెట్టేదాన్ని. చుట్టూ కూచుని, ఎవరి ముందున్నది వాళ్ళు రొట్టెముక్కతో అద్దుకుని తినేవాళ్ళం. మా ఊరు అజెమ్మూర్‌లో అందరిళ్ళలోనూ అంతే. మూడేళ్ళుగా మేం ఎవరి పళ్ళెంలో వాళ్ళం తింటున్నాం. చుట్టాలొస్తే వింతగా చూస్తారు. కారణం నేనే. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మాయి వియాంకి అప్పుడు పదహారేళ్ళు. తొడ ఎముకలో కాన్సర్. రెండుసార్లు మందు ఎక్కించారు. జుట్టు పోయింది, నోరంతా పూసింది. తగ్గినట్టే తగ్గి ఊపిరితిత్తుల్లోకి పాకింది. కాసాబ్లాంకా ఆసుపత్రిలో డాక్టరమ్మ ఈసారి మాత్రలు రాస్తానంది. నయం కాదు, కొన్నాళ్ళు ఆగుతుందేమోనని దాచకుండా చెప్పి, పిల్లవైపు తిరిగింది.

"నువ్వేమంటావమ్మా?"

"దాన్నడుగుతారేంటి? సంతకం పెట్టేది నేను కదా" అన్నాడు మా ఆయన బూషైబ్.

"తలుపు గడియ కొనడానికి నాలుగు కొట్లు తిరిగి అడుగుతావు నాన్నా. నన్నొక్కసారి అడగవా?" అంది వియాం. "నాకొద్దు. ఉన్న నాలుగు రోజులూ తిండి సయించనివ్వండి."

ఆయన సంతకం పెట్టేశాడు. ఇంటికొచ్చాక వియాం మాత్రలు ముట్టలేదు. నేను పక్కన కూచుని అడిగాను.

"నిజంగా వద్దా తల్లీ?"

"వద్దు యిమ్మా" అంది. మా వైపు అమ్మని అలాగే పిలుస్తారు.

"సరే, బలవంతం చెయ్యను" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

మర్నాడే మాత్రలు నూరాను. ఎవరి వైపుది వాళ్ళే తింటారు గదా, ఇంకొకరికి పోదనుకున్నాను. వియాం వైపు మాంసం ముక్కకి పూసి, పైన ఉల్లిపాయలు కప్పాను. ఐదు రోజులు తిన్నది. ఐదు రోజులూ వాంతులు చేసుకుంది. "ఏం పడట్లేదో తెలీట్లేదు యిమ్మా" అంటే వీపు నిమిరాను.

ఆరో రోజు తన ముక్క తీసి వాళ్ళ నాన్న ముందుకు తోసింది. ఇష్టమైనవాళ్ళకి మంచిముక్క జరపడం మా అలవాటే. నా భయంలో నేనది మరిచాను.

"తిను నాన్నా. మనిద్దరిలో రోగి ఎవరో తెలీకుండా ఉన్నావు."

ఆయన నవ్వుతూ నోటిదాకా తీసుకెళ్ళాడు. నేను చెయ్యి పట్టి లాగేశాను. ముక్క బల్లమీద పడింది.

వియాం చేతిలో రొట్టె కింద పెట్టింది.

"నాన్న నన్నడగలేదు. నువ్వడిగావు యిమ్మా. అడిగి, సరేనని, పెట్టావు."

ఆ రోజునుంచి నా వంట తినలేదు. ఉడికిన గుడ్లూ నారింజలూ తనే ఒలుచుకుని తినేది. పెంకు చిట్లని గుడ్డు ఏరుకునేది, నేను చూస్తుండగానే. మిగిలిన మాత్రలు బూషైబ్ డాక్టరమ్మకి తిరిగిచ్చి వచ్చాడు.

ఆ తర్వాత రెండున్నర నెలలు బతికింది. చివరి శుక్రవారం మా ఆడపడుచు చూడ్డానికి వస్తానంది. వియాం పక్కమీద దుప్పటి నిండా నారింజ మరకలు. ఉతికింది తెచ్చాను.

"లేవలేను. వద్దు యిమ్మా" అంది, గోడవైపే చూస్తూ.

మీ అత్త ఏమనుకుంటుందే అని నోటిదాకా వచ్చింది. అంతలో ఆడపడుచు రానే వచ్చింది.

"అయ్యో వదినా, ఈ పక్కేంటి? మార్చలేదా?"

"వియాం వద్దంది" అన్నాను. ఉతికిన దుప్పటి మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.