రెండో కన్ను

బస్సు వెనక టైరు చప్పుడు చేసి కూలబడిన చోట చెట్టు నీడ కూడా లేదు. జాకీ ఎవరు మరిచిపోయారన్న విషయం మీద డ్రైవరూ కండక్టరూ తగువు పెట్టుకున్నారు. మిగతావాళ్ళం రోడ్డు పక్కన నిలబడి ఎవరి తలమీద వాళ్ళం చెయ్యి పెట్టుకున్నాం. అప్పుడు చూశానతన్ని. బస్సు పైకెక్కి, తుప్పు పట్టిన టీవీ డిష్షు గొడుగొకటి దించుకుని, దాన్ని నెత్తిమీద బోర్లించుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నడక మొదలుపెట్టాడు. నాకు ఒకచోట ఉండటం చేతకాదు. వెనకే బయలుదేరాను.

"ఏం బాబూ, ఆకాశంలో బొమ్మలన్నీ నీ నెత్తిమీదే పడుతున్నట్టున్నాయే!" అన్నాను.

"బొమ్మలు పడితే బాగుండేది పెద్దాయనా, పడేది ఎండే. రండి, దీనికింద ఇద్దరం పడతాం."

పట్టలేదు. కానీ పిలిచిన తీరు బాగుంది. ఇటుక బట్టీ దాటేసరికి అతని పనేమిటో తెలిసింది. చుట్టుపక్కల ఊళ్ళలో అతన్ని రెండోకన్ను మేస్త్రీ అంటారట. గొడుగు ముందు కొమ్మ చివర ఉండే గుండ్రటి ముక్కను జనం కన్ను అంటారు. దానికో పొడుగాటి పేరు ఉంది గానీ, ఆ పేరుతో అడిగితే దుకాణం వాడు కూడా తెల్లమొహం వేస్తాడు.

ప్రతి ఇంటి గొడుగూ ఒక ఉపగ్రహం వైపే చూస్తుంది. ఎక్కడెక్కడి సినిమాలూ వంటలూ క్రికెట్టూ అందులోంచి దిగుతాయి. మన వీధి సంగతులు చెప్పే చిన్న ఛానెళ్ళు మాత్రం దాని పక్కనున్న ఇంకో ఉపగ్రహంలో ఉంటాయి. ప్రపంచం అవతలి చివర వరదలు చూడగలిగిన మనిషికి పక్కవీధిలో కుళాయి పగిలిందని తెలియదు. పూర్వం దేశాలు తిరిగినవాళ్ళు రాసుకున్న పుస్తకాలు చాలా చదివాను. వాళ్ళలోనూ ఇదే చూశాను. సముద్రాల పేర్లన్నీ రాశారు, తమ వీధి చివర ఎవరుంటారో ఒక్కరూ రాయలేదు. సరే, అది వేరే సంగతి.

ఆ చిన్న ఛానెళ్ళు కావాలంటే కంపెనీల వాళ్ళు కొత్త గొడుగు కొనమంటారు. మేస్త్రీ కొననివ్వడు. ఉన్న గొడుగుకే, మొదటి కన్ను పక్కన, అల్యూమినియం పట్టీతో రెండో కన్ను బిగిస్తాడు. రెంటి తీగలనూ అగ్గిపెట్టెంత స్విచ్చులో కలిపి, ఒకే తీగగా ఇంట్లోకి దింపుతాడు. పట్టీలూ బోల్టులూ జనం పారేసిన గొడుగుల నుంచి వస్తాయి. నెత్తిమీదున్నది అలాంటిదే.

"ఇంత చవగ్గా చేస్తే నీకేం మిగులుతుంది?"

"మిగుల్చుకోడానికి కాదు పెద్దాయనా," అన్నాడు. ఆ తర్వాతిదంతా రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

అతని తండ్రి కనపడటం లేదు. రేడియోలు బాగుచేసి బతికిన మనిషి. తల్లి లేని పిల్లాణ్ణి బల్లకింద పడుకోబెట్టుకుని సోల్డరింగు చేస్తూ పెంచాడు. ముసలితనంలో మతిమరుపు పట్టుకుంది. కొడుకుని ఒకరోజు తమ్ముడా అనేవాడు, ఒకరోజు సారూ అనేవాడు. పనికి వెళుతూ కొడుకు బయట గడియ పెట్టేవాడు.

"ఆవేళ పెట్టబుద్ధి కాలేదు. కిటికీలోంచి నావైపే చూస్తున్నాడు. కన్నతండ్రికి గడియేంటని వదిలేశాను. వచ్చేసరికి తలుపు బార్లా తీసుంది. చెప్పులు అక్కడే ఉన్నాయి."

పోలీసు స్టేషనుకి వెళ్ళాడు, ఆసుపత్రులు తిరిగాడు. చివరికి స్థానిక ఛానెల్ వాళ్ళకు ఫోన్ చేసి, ఫొటో పంపి, జరిగింది చెప్పాడు. రోజూ వేస్తామన్నారు. వేస్తున్నారు.

"ఆ ఛానెలు ఇంకో ఇంట్లో వచ్చిందంటే ఇంకో ఇల్లు నాన్న కోసం చూస్తున్నట్టే కదా! అందుకే పెడుతున్నాను. కన్ను పెట్టిన ప్రతి ఇంట్లో నాన్న ఫొటో వచ్చేదాకా కూర్చుని లేస్తాను. లేకపోతే పనయినట్టుండదు."

"ఫోన్లేమైనా వచ్చాయా?"

"బోలెడు. 'ధైర్యంగా ఉండు నాయనా' అన్నవాళ్ళే అందరూ. మంచోళ్ళు. చూశామన్న మాట మాత్రం ఒక్కరూ అనలేదు."

ఊళ్ళోకి వచ్చాం. నా బస్సు సంగతి నాకు గుర్తుంది, కానీ దానికంటే అతని పని చూడాలనిపించింది. వెళ్ళింది డాబా ఇంటికి. వీధిలోకి నాలుగు మెట్లు. ముందుగదిలో కుట్టుమిషను, దానిమీద సగం కుట్టిన దిండు గలీబు. చెక్క అలమరలో టీవీ. రిమోట్‌కి ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేశారు. టీవీకి ఎదురుగా ఇనప మంచం, మంచంమీద ఆ ఇంటి ముసలమ్మ. కోడలు మిషను దగ్గర.

"మా అమ్మాయింట్లో వస్తుంది, నా ఇంట్లో రాదు. ఇదేమన్నా న్యాయమా?" అంది ముసలమ్మ మేస్త్రీని చూడగానే.

"అక్కడా నేనే పెట్టాను పెద్దమ్మా. మీదీ ఇప్పుడే వచ్చేస్తుంది."

"అంతగా ఏం చూస్తారత్తయ్యా అందులో?" అంది కోడలు సూదిలో దారం ఎక్కిస్తూ. "నీళ్ళెప్పుడు వదుల్తారు, ఎవరు పోయారు. అంతేగా!"

"మరి? ఊళ్ళో ఎవరు పోయారో తెలియకపోతే నేనున్నట్టా, లేనట్టా?"

"మీ ఫొటో వచ్చేదాకా చూస్తారన్నమాట."

"నా ఫొటో వచ్చిననాడు నువ్వు చూద్దువుగాని. సౌండు బాగా పెంచుకో!"

మేస్త్రీ నవ్వుతూ డాబా ఎక్కాడు. నేను డాబా మెట్ల మధ్యలో నిలబడి పైమాట కిందికీ కిందిమాట పైకీ మోశాను. కన్నుని వెంట్రుకవాసి జరిపి, పానా చేత్తోనే పట్టుకుని అరుస్తాడు.

"వచ్చిందా?"

"రాలేదు!"

"ఇప్పుడు?"

"గళ్ళు గళ్ళుగా వస్తోంది! ఎవరిదో మొహం సగం వచ్చింది!"

"ఏ సగం?"

"పై సగం. మాట్లాడే సగం రాలేదు," అని ముసలమ్మ లోపల్నుంచి. "నాకిలాగే బాగుంది, ఉంచెయ్యమను!"

"వచ్చిందా?"

"వచ్చింది! వచ్చింది, కదపకు!"

బోల్టు బిగించి, తీగ అతుకుకి నీళ్ళు దిగకుండా టేపు చుట్టి కిందికొచ్చాడు. కోడలిచ్చిన టీ పక్కన పెట్టుకుని గుమ్మం దగ్గర నేలమీద కూర్చున్నాడు. తెరమీద నీళ్ళ వేళలు, ఒక చెప్పుల దుకాణం ప్రకటన వచ్చాయి. తర్వాత నీలం చట్రంలో చనిపోయినవాళ్ళ ఫొటోలు, ఒకటి తర్వాత ఒకటి. ముసలమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కరికీ చెడామడా చివాట్లు పెట్టింది. ఈయన సిగరెట్లు మానమంటే మానలేదు, ఈవిడ మందులు మింగకుండా దిండుకింద దాచుకునేది.

అదే నీలం చట్రంలో బక్కపల్చటి మొహం ఒకటి వచ్చింది. మేస్త్రీ నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఫొటో కింద అక్షరాలు నేనూ చదివాను. 'పై ఫొటోలోని పెద్దాయన పోయారు. కుటుంబ సభ్యుల ఫోన్ నంబరు...'

"అయ్యో, ఈయనా!" అంది ముసలమ్మ కోడలి వైపు తిరిగి. "ఇదిగో, ఈయన గురించే నీకు చెప్పింది. పోయినాయన మన మెట్లమీద కూర్చున్నాడన్నానే, నవ్వావు."

కోడలి మిషను ఆగింది. మేస్త్రీ తల తిప్పాడు.

"ఎవరు కూర్చున్నారు పెద్దమ్మా?"

"ఏం చెప్పను నాయనా! ముందురోజు మా అమ్మాయింట్లో ఈ ఫొటో చూశాను, పాపం పోయాడట అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే మెట్లమీద అచ్చం ఇదే మొహం! తమ్ముడో, అన్నో అయ్యుంటాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. కాళ్ళకి చెప్పుల్లేవు. మంచినీళ్ళిచ్చాను. తాగి, 'మావాడు మీ డాబామీద ఉన్నాడా?' అని అడిగాడు. ఎవరూ లేరు నాయనా అన్నాను. 'ఇక్కడా లేడా!' అని లేచాడు."

తెరమీద ఇంకో ఫొటో వచ్చింది.

"ఫోన్ చెయ్యాల్సింది కదత్తయ్యా," అంది కోడలు మెల్లగా.

"చేసి ఏమనేది? మీవాళ్ళు పోయారు కదా, మా గుమ్మంలో ఉన్నారు అననా? పుండుమీద కారం జల్లినట్టుండదూ?"

మన భాషలో 'పోవడం'లాంటి మాట ఇంకోటి లేదు. బడికి పోతాం, నిద్రపోతాం, కరెంటు పోతుంది, మనిషి పోతాడు. వింటున్నవాడు పక్కమాటల్ని బట్టి అర్థం ఏరుకుంటాడు. మేస్త్రీ ఛానెల్‌కి ఫోన్ చేసి 'మా నాన్న ఇంట్లోంచి పోయాడు' అని ఏడుస్తూ చెప్పి ఉంటాడు. అక్షరాలు కొట్టే అమ్మాయి గౌరవానికి 'పోయారు' అని మార్చి ఉంటుంది. ఫొటో కింద చోటు చాలక 'ఇంట్లోంచి' తీసేసి ఉంటుంది. చేతికందిన నీలం చట్రంలో పెట్టి ఉంటుంది. ఇన్నాళ్ళూ ఇతను ఫొటో చూశాడు. కింద ఉన్నది తను చెప్పిన మాటే కనుక, తను చెప్పిన అర్థంలోనే చదువుకున్నాడు. కన్ను పెట్టిన ప్రతి ఇల్లూ అతని తండ్రిని చూసింది. చూసి, చనిపోయాడనుకుంది.

అతను ఫోన్ తీసి ఛానెల్ వాళ్ళకు చేశాడు. అవతల అమ్మాయి గొంతు మాకు కూడా వినపడింది.

"అన్నా, చెప్పండన్నా."

"నాన్న ఫొటో కింద 'పోయారు' అని ఉంది. అది తీసెయ్యమ్మా."

"అయ్యో, తప్పు పడిందా? ఏం పెట్టమంటారు? వెళ్ళిపోయారని పెట్టనా?"

అతను నావైపు చూశాడు. 'వెళ్ళిపోయారు'లోనూ 'పోయారు' ఉంది.

"తప్పిపోయారని పెట్టనా అన్నా?"

అందులోనూ ఉంది. నేనేదో అనబోయాను. అతను చెయ్యెత్తి ఆపాడు.

"బతికున్నారని పెట్టమ్మా."

"బతికే ఉన్నారా! దొరికారా అన్నా?" అంది ఆ అమ్మాయి సంతోషంగా.

ఆ అమ్మాయి రెండుసార్లు హలో అంది. అతను ఫోన్ జేబులో పెట్టుకుని, ముసలమ్మ మంచం దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు.

"ఎప్పుడు పెద్దమ్మా?"

"చలి ఇంకా ఉందప్పుడు. భుజాన తువ్వాలు కప్పుకున్నాడు."

ఇప్పుడు ఎండలు మాడ్చేస్తున్నాయి.

"ఎటు వెళ్ళాడు?"

"రైలు గేటు వైపు. నేను తలుపేసుకున్నాను నాయనా. భయమేసింది. నన్ను తిట్టు, తిట్టినా పడతాను." ముసలమ్మ అతని చెయ్యి పట్టుకోబోయింది. అతను ఆ చేతిని మెల్లగా మంచంమీద పెట్టి లేచాడు.

"టీ చల్లారిపోతోంది, తాగండి," అంది కోడలు ఏమనాలో తెలియక.

అతను మెట్ల దగ్గర ఆగాడు. నాలుగు మెట్లనూ చూశాడు, ఏ మెట్టుమీద కూర్చున్నాడో అడగబోయినట్టు. అడగలేదు. పనిముట్ల సంచి గుమ్మం దగ్గరే ఉంది.

"మేస్త్రీ, సంచి!" అని కేకేశాను.

రైలు గేటు ఉన్న వైపు అతను అప్పటికే నడుస్తున్నాడు. మధ్యాహ్నపు వీధిలో ఎవరూ లేరు. ప్రతి గుమ్మం దగ్గరా ఒక్క క్షణం ఆగి, ఆ ఇంటి మెట్లవైపు చూసి, మళ్ళీ నడుస్తున్నాడు. వీధి మలుపు తిరిగేటప్పుడైనా వెనక్కి చూస్తాడేమోనని నిలబడ్డాను. చూడలేదు.