చల్లబడిన కాళ్లు

ఉదయగిరి మెట్ట నుంచి దిగి వచ్చిన మాకు ఆత్మకూరే పట్నం. బస్సులు, కచేరీ, ఆసుపత్రి, సంత అన్నీ అక్కడే. మేమున్నది మాత్రం ఊరి వీధులన్నీ అయిపోయాక, వాగు దాటి, రోడ్డుకు కంకర కొట్టే చోట. వానలు లేని ఏళ్లలో ఒకరి వెనక ఒకరు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. మేం దాన్ని పేట అనేవాళ్లం. పట్నంలో వాళ్లకు అది కొండోళ్ల గుడిసెలు. వీధి దీపాలు వాగు అవతలి గట్టు దగ్గరే ఆగిపోయేవి.

పేటకు శ్మశానం లేదు. పట్నంలో ఏ కులం వాళ్లకు ఆ కులం జాగా, చర్చి వాళ్లకు చర్చి జాగా ఉండేవి. మా పెద్దలు ఒకసారి పోయి అడిగితే, "మీరెవరో మాకేం తెలుసు, మీ కొండ కిందనే పెట్టుకోండి" అన్నారు. మావాళ్లు దానికి నొచ్చుకోలేదు. మనిషి ఎక్కడ బతికినా మట్టి సొంత ఊళ్లోనే పడాలని వాళ్లూ అనుకునేవాళ్లు. చిక్కంతా ప్రయాణంతోనే. బస్సులో శవాన్ని ఎక్కించుకోరు. ఎద్దుల బండిలో పోతే ఆ ఎండలకు దోవలోనే చెడిపోతుంది. అందుకని ప్రాణం ఉండగానే ఊరికి చేర్చడం పేటలో ఆనవాయితీ అయింది.

ఎప్పుడు చేర్చాలో చెప్పేది ఒక అవ్వ. పేటకు అందరికన్నా ముందు వచ్చిన మనిషి. జబ్బుమనిషి కాళ్ల దగ్గర కూర్చుని, రెండు అరికాళ్లూ పట్టుకుని కాసేపు కళ్లు మూసుకునేది. "చల్లబడినాయి" అందంటే ఆ ఇంటి పొయ్యి ఆర్పేసేవాళ్లు. ఇక ఆ మనిషి పేట వైపు తిరిగి చూడకూడదు. మా అమ్మ అలాంటి వాళ్లను ఎందరినో ఒళ్లో తల పెట్టుకుని బస్సులో తీసుకుపోయింది. ఓపికగల మనిషని ఆమెకు పేరు.

ఆమెకు చలిజ్వరం వచ్చినప్పుడు నేనూ నాయనా ఆసుపత్రికి తీసుకుపోయాం. కాంపౌండరు నాడి చూసి, సీసాలో చేదు మందు పోసిచ్చి, ఇది తగ్గే జ్వరమే, మందు మాత్రం మానవద్దు అన్నాడు. మర్నాడు మళ్లీ చలి పట్టుకుంది. గోనెసంచులన్నీ కప్పినా మంచం ఊగిపోయేటంత వణుకు. అవ్వ వచ్చింది. కాళ్లు పట్టుకుంది.

"చల్లబడినాయిరా" అంది నాయనతో.

"తగ్గే జొరమే అని చెప్పినాడు గదవ్వా కాంపౌండరు" అన్నాను.

"ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నేను కాళ్లు పట్టుకున్నాను. ముందు పోయేది ఏందిరా, చెయ్యా కాళ్లా?"

పక్కింటామె చెంబుతో నీళ్లు తెచ్చి మా పొయ్యిలో పోసింది.

బస్సు దగ్గర కండక్టరు మమ్మల్ని చూడగానే గుర్తుపట్టాడు. "పేటోళ్లా? ఆగండి." అమ్మ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. "ఉండాదిలే. ఉదయగిరి దాకా ఉంటాదా? దోవలో నాకు తలనొప్పి తేబాకండి."

సాగనంపడానికి వచ్చిన వాళ్లలో ఒకాయన అన్నాడు: "మాది మెట్ట ప్రాణమయ్యా, అంత బిరీన పోదు. నీ బస్సు ఆగిపోకుండా చూసుకో."

సగం దోవలో అమ్మకు చెమటలు పట్టాయి. రవిక తడిసిపోయింది. కళ్లు తెరిచి నీళ్లడిగి, తాగింది. కిటికీ వైపు చూసింది. తన తల నా ఒళ్లో ఉండటం చూసుకుంది.

"యాడికి పోతా ఉండాము?"

"ఊరికి" అన్నాడు నాయన.

ఆమె "పొయ్యి ఆర్పినారా?" అంది.

నేను ఆమె నుదుటి చెమట తుడిచాను.

"నాకు తేలిగ్గా ఉండాదయ్యా. దిగి ఎనక్కి పోదాం."

"పొయ్యి ఆర్పినాక యాడికి పోతామే? ఎవురు నిన్ను గడప తొక్కనిస్తారు?"

ఆయన అన్నది నిజమే. అలా బయల్దేరిన వాళ్లు తిరిగిరావడం పేటలో లేదు. వేరెవరి విషయమైనా అయితే అమ్మ కూడా అదే మాట అని ఉండేది. కొండ కనిపించేదాకా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఊళ్లో మా ఇంటి గోడలు ఏనాడో పడిపోయాయి. నాయన దాయాదులు పశువుల కొట్టంలో చోటిచ్చారు. "ఆత్మకూరోళ్లు వచ్చినారు" అని వీధిలో పిల్లలు చెప్పుకుంటూ పోవడం వినిపించింది. మర్నాడు అమ్మ లేచి, బావికి పోయి నీళ్లు తెచ్చుకుంది. అక్కడ ఆడవాళ్లు నవ్వుతూనే అడిగారు.

"పోను వచ్చినావంట గదక్కా. ఇంకా ఏంది?"

"అదే చూస్తా ఉండా" అని అమ్మా నవ్వింది.

మందు సీసా పేటలోనే, గుడిసె గూట్లో ఉండిపోయింది. పోయే మనిషికి మందెందుకని ఎవరూ తీసుకోలేదు. ఉదయగిరికి పోయి మందు కనుక్కుంటానని నాయన పొద్దున్నే తలగుడ్డ చుట్టుకునేవాడు, కొట్టం ముందర కాసేపు నిలబడేవాడు, మళ్లీ కూర్చునేవాడు. మేం ఎందుకు వచ్చామో ఊరందరికీ తెలుసు. బతికించమని ఎవరిని అడుగుతాడు?

చలి మళ్లీ వచ్చింది. ఈసారి చెమట పట్టలేదు. మా తాత పక్కనే అమ్మను పెట్టాం. గుంట తవ్విన వాళ్లు కూలి అడగటానికి వచ్చి, "ఆత్మకూరామె వాళ్లు ఎవరు?" అని కొట్టాల వెంట వెతుక్కున్నారు.

మేం పేటకు తిరిగొచ్చేసరికి సీసా గూట్లో అలాగే ఉంది, సగానికి పైగా మందుతో. నాయన దాన్ని పారెయ్యలేదు, ముట్టుకోనూ లేదు. మర్నాటి నుంచి కంకర కొట్టడానికి పోయాం. మా తర్వాత కూడా పేటలో పొయ్యిలు ఆర్పుతూనే ఉన్నారు, కండక్టర్లు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నారు. నాయన ఎవరినీ ఆపలేదు. కానీ ఎవరినీ సాగనంపడానికి కూడా పోలేదు.

తర్వాత ఒక వానాకాలం ఆయనకూ చలిజ్వరం వచ్చింది. అవ్వ కర్ర ఊతంతో వచ్చి మంచం పక్కన నిలబడింది. ఆమె వంగేలోగా నాయన లేచి కూర్చుని, కాళ్లు రెండూ ఒంటి కిందికి ముడుచుకుని, వాటి మీద కూర్చున్నాడు.

"ఏందిరా, కాళ్లు చూపీ."

"వెచ్చగానే ఉండాయి, పో అవ్వా" అన్నాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.