కరిగిన బెల్లానికి శిక్ష

మొన్న గురువారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు వాన పట్టుకుంది. గడియారం చూడడానికి ప్రత్యేకించి కారణమేమీ లేదు. తమ్ముడి చొక్కాలు మడత పెడుతూ, ఇవి ఎవరికి పనికొస్తాయా అని తలెత్తితే ఎదురుగా గోడ మీద గడియారం ఉంది, అంతే. వాడు పోయి నలభై రోజులు దాటాయి. చదివించవలసిన ఫాతిహాలు చదివించడం అయింది, వచ్చిన వాళ్లందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. కింద వీధిలో ఒకావిడ ఆరబెట్టిన వడియాల మీద పట్టా కప్పమని పిల్లల్ని కేకలేస్తోంది. వాళ్లు కప్పేసరికి ఆ వడియాలు తడిసిపోయే ఉంటాయి. ఆ కేక వింటూ ఉంటే, నేను టీచరు ట్రైనింగు చదువుకుంటున్న రోజుల్లో, పంతొమ్మిది వందల అరవైల మధ్యలో, ఒక పట్టా లాగినందుకు మా ఇంట్లో ఎంత జరిగిందో గుర్తుకొచ్చింది. ఆ కాలం చూసిన వాళ్లు ఇంకా కొందరైనా ఉంటారు కదా, వాళ్ల కోసం రాస్తున్నాను.

మాది అనకాపల్లిలో కళాయి పోసే ఇల్లు. ఇత్తడి గిన్నెల్లో పులుసు చిలుము పట్టకుండా లోపల తగరపు పూత పూస్తారు, దాన్నే కళాయి అంటారు. ఆ పని మా నాన్నది. ఇంట్లో ఉర్దూ, బజారులో అందరూ మాట్లాడే తెలుగు. అమ్మ తమ్ముడి చిన్నతనంలోనే పోయింది, వాణ్ణి పెంచింది చాలావరకూ అక్కనైన నేనే. నాన్న ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కొలిమి ముందు కూర్చుంటే మధ్యాహ్నం నమాజుకు లేచేవాడు, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. తమ్ముడికి పదిహేనేళ్లు వచ్చినా వాడికి మసీదు మీద గానీ కొలిమి మీద గానీ మనసు లేదు. వాడికి ఉన్నదంతా నాటకాల పిచ్చి.

ఆ ఏడు శివరాత్రి వెళ్లాక, వాడూ బెల్లం బజారు వీధికి చెందిన మరో ఇద్దరు కుర్రాళ్లూ కలిసి ఒక నాటకం తయారుచేశారు. అన్నీ సమకూరాయి గానీ తెరకు గుడ్డ లేదు. బజారు పెరట్లో రోలుగుంట వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన బళ్ల మీంచి బెల్లం దిమ్మలు దింపించి, మర్నాడు వేలానికి పెట్టుకుందామని, వాటి మీద టార్పాలిను పట్టా కప్పి, అన్నం తిని పడుకోవడానికి చుట్టాలింటికి వెళ్లాడు. వీళ్లు ముగ్గురూ ఆ టార్పాలిను లాక్కుపోయి తెర కట్టుకున్నారు. పొద్దుట మళ్లీ కప్పేద్దామనే అనుకున్నారట. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదట. బెల్లం ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లలు బెల్లం మీద కప్పు తీయడమేమిటని తరవాత అందరూ అన్నారు, నిజమే. తెల్లవారేసరికి అకాలపు వాన కురిసి వెలిసింది. దిమ్మలు అడుగున ముద్దలై, మిగిలినదంతా నల్లటి నీళ్లయి పెరడంతా పారింది, చీమలూ ఈగలూ ముసిరాయి. ఆ రైతు ఏడవలేదనీ, తిట్టనూ లేదనీ, ఆ బురదలో గొంతుకూర్చుని వేలితో ముట్టి నాలిక మీద పెట్టుకున్నాడనీ చూసినవాళ్లు చెప్పారు. ఆయన ఏడాది కష్టమంతా అదే.

పోలీసులు వచ్చారు, కేసయింది. పిల్లలు తప్పు ఒప్పుకున్నారు. అప్పటి మేజిస్ట్రేటు గారు పెద్దాయన, మంచివాడని పేరు. పిల్లల్ని ఎక్కడో దూరపు ఊళ్లో ఉండే సంస్కరణ పాఠశాలకు పంపితే దొంగతనం పూర్తిగా నేర్చుకుని వస్తారని ఆయన నమ్మకం. అందుకని ముగ్గురినీ మంచి నడవడిక పూచీ మీద వదిలిపెట్టి, ఒక షరతు రాశారు. ఏడాది పాటు ప్రతి శనివారం సాయంత్రం రామకోవెలలో భజనకు వెళ్లి కూర్చోవాలి, అందరితో పాటు నామం చెప్పాలి, పురాణం అయ్యేదాకా లేవకూడదు. ఒక కానిస్టేబులు గుమ్మంలో నిలబడి వచ్చారో లేదో చూస్తాడు. మానేస్తే పూచీ రద్దు, పిల్లల జైలే. ముగ్గురికీ ఒకే శిక్ష, తేడా చూపలేదన్న తృప్తి ఆయన ముఖంలో కనిపించిందని నాన్న చెప్పాడు. ఆయన మనసులో కల్మషం లేదు. భజన తనను బాగుచేసింది గనక ఆ మందు అందరినీ బాగుచేస్తుందనుకున్నారు.

మొదటి రెండు మూడు శనివారాలు తమ్ముడు వెళ్లాడు. వాడి గొంతు బాగుండేది, తాళం వెయ్యడం కూడా సరదాగానే ఉందన్నాడు, ప్రసాదం బాగుందన్నాడు. నాన్న విని ఊరుకున్నాడు. కానీ బజారు ఊరుకోలేదు. బెల్లం మోసే కళాసీలు వాణ్ణి ఆపి, "ఏరా సాయిబూ, శనోరం శనోరం రామకోవెల్లోనే ఉంటన్నావట, మరి పేరేటి మార్సుకున్నావు, రామయ్యా, రాములా?" అని నవ్వేవారు. అందులో విషం లేదు, అలసిపోయిన మనుషులకు ఒక వేళాకోళం. మా వీధి కుర్రాళ్లు మాత్రం, పూజారి గారొస్తున్నారు దారివ్వండర్రా అని తప్పుకుని, పెళ్లి విందులో వాడి పక్కన కూర్చోకుండా లేచిపోయారు. ఆ తరవాతి శనివారం వాడు చాప మీద గోడకు తిరిగి పడుకుని, ఇక వెళ్లనన్నాడు. జైలుకు పంపిస్తారురా అంటే పంపించనీ అన్నాడు. నేను చేతులు పట్టుకుని బతిమాలి లేవదీశాను. వెళ్లాడు గానీ ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే కోవెల పూజారి గారు మా కొలిమి దగ్గరికి వచ్చారు. ఏటా శ్రీరామనవమికి ముందు కోవెల వంట గిన్నెలకు కళాయి పోసేది నాన్నే కాబట్టి ఆయన రాక కొత్త కాదు, కానీ ఆ రోజు చేతిలో గిన్నెలేమీ లేవు. నిలబడే మాట్లాడారు. "మీ వాడు రావడం నాకేం కష్టం లేదు సాయిబూ. కానీ పోలీసు గుమ్మంలో ఉండగా చెప్పించే నామం నాకు వినబుద్ధి కావడం లేదు. మీ వాడితో వచ్చే మా వాళ్ల పిల్లలిద్దరి సంగతీ అంతే, వాళ్లు దేవుణ్ణి తిట్టుకుంటున్నట్టే చెబుతున్నారు" అన్నారు. మీరు వెళ్లి మేజిస్ట్రేటు గారిని అడగండి, నన్ను పిలిస్తే నేనూ ఇదే చెబుతానన్నారు. నాన్న తల ఊపాడు.

మేజిస్ట్రేటు గారు ఆదివారాలు ఇంటి వరండాలో జనంతో మాట్లాడేవారు. పిల్లవాణ్ణి ఇంట్లో చూసుకునే మనిషిని కూడా తీసుకురమ్మని కబురు పెట్టారు గనక నేనూ వెళ్లాను. తమ్ముడు మెట్ల కింద నిలబడ్డాడు. పూచీ రద్దయితే వాణ్ణి అటునుంచి అటే తీసుకుపోతారేమోనని భయపడి, నేను వాడి గుడ్డలు రెండు సంచిలో పెట్టి తెచ్చాను. నాన్న చెప్పినదంతా ఆయన ఓపికగా విన్నారు. ఆయనకు నొచ్చుకున్నట్టయింది. తను ఎవరి మతమూ మార్చాలని అనుకోలేదనీ, మంచి మాట ఎక్కడ విన్నా మంచేననీ అన్నారు. అంతలో దారి దొరికినట్టు, "సరే, మీ వాడు మీ మసీదుకే వెళ్లనీ. రోజూ ఐదు పూటలా నమాజు. వచ్చాడని మీ ఇమాము గారు చెబితే చాలు" అన్నారు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. గండం గడిచిందనుకున్నాను. సంచి కింద పెట్టాను కూడా.

నాన్న, "వొద్దు బాబూ" అన్నాడు.

మేజిస్ట్రేటు గారు కళ్లజోడు తీసేశారు. "కోవెల వద్దంటివి. మసీదూ వద్దంటున్నావు. పిల్లవాణ్ణి జైల్లో పెట్టమంటావా?"

"టార్పాలిను లాగింది ఆడి సేతులు బాబూ. ఆ సేతులికి ఏ పని సెప్తారో సెప్పండి, సేయిత్తాను. నమాజు సెయ్యమని నేను సిన్నప్పట్నుంచీ సెప్తన్నాను, సెయ్యడు. అది ఆడూ దేవుడూ సూసుకోవాలి. మీరు అది శిక్ష కింద రాసేరంటే, మీ గడువు తీరిన రోజున ఆడు నమాజుకి దణ్ణం ఎట్టేసి వచ్చేత్తాడు. ఇంక బతుకంతా ఎల్లడు."

మా నాన్న అంత పొడుగ్గా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు, తరవాత కూడా వినలేదు. మేజిస్ట్రేటు గారికి కోపం వచ్చిందేమోనని నేను సంచి మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "అయితే ఏం చేయమంటావు? నువ్వే చెప్పు" అన్నారు.

"బెల్లం ఎవలిదో ఆయన కాడికి పంపండి. వచ్చే గానుగకి ఆయన పొయ్యి కాడ పని సేత్తాడు."

రైతును పిలిపించారు. ఆయన రావడానికే విసుక్కున్నాడు. ఈ కుర్రగుంటల్ని ఇంట్లో పెట్టుకుని నేనేటి సేసుకోను, వీళ్లని చూస్తేనే కడుపు మండుతోంది అన్నాడు. సాయిబు గారి కుర్రాడు మా ఇంట ఏం తింటాడు, మా ఆడవాళ్లు ఏమంటారు అని కూడా అన్నాడు. మేజిస్ట్రేటు గారు ఇష్టం లేకపోతే బలవంతం లేదన్నారు. ఆ మాటకు రైతు తమ్ముణ్ణి పైనుంచి కిందికి ఎగాదిగా చూసి, "సూడండి బాబూ, బెల్లం కరగబెట్టడం ఈడికి బానే వొచ్చు. వొండడం నాను నేర్పుతాను" అన్నాడు. వరండాలో అందరూ నవ్వారు, తమ్ముడు తప్ప. మిగిలిన ఇద్దరికీ కూడా భజన తీసేసి అదే పని రాశారు.

ఆ చలికాలం ముగ్గురూ గానుగ దగ్గర చెరకు పిప్పి ఎండబెట్టారు, పొయ్యిలోకి ఎగదోశారు, పెనంలో మరిగే రసం మీద తేలిన మడ్డి తీశారు. నేను ఒకసారి చూడడానికి వెళితే వాడి చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. వాడికి అన్నం వీధి అరుగు మీద, వేరే కంచంలో పెట్టేవారు. ఆ సంగతి దాచడం ఎందుకు, ఆ రోజులు అలాంటివి. ఒక శుక్రవారం రైతు తనంతట తానే, "ఇయ్యాల మీవోళ్లు నమాజుకి ఎల్తారు గదరా, పొరుగూళ్లో మసీదుంది, ఎల్లొత్తావా?" అని అడిగాడట. వాడు వెళ్లనన్నాడట. సరే పిప్పి తే అన్నాడట ఆయన. ఇంటికొచ్చి తమ్ముడు నాకు చెప్పిన సంగతుల్లో ఇది ఒకటి, ఎందుకు చెప్పాడో నేను అడగలేదు.

అక్కడితో కథ సుఖంగా ముగిసిందని రాయడానికి నా మనసు ఒప్పుకోదు. హాకిం, అంటే మేజిస్ట్రేటు, తన నోటితో మసీదు అంటే నాన్న కాదన్నాడని మా మసీదు పెద్దలకు నాన్న మీద కోపం వచ్చింది. కొడుకును మతానికి దూరం చేసిన తండ్రి అన్నారు. మసీదు గిన్నెలకు కళాయి పని ఇంకొకరికి వెళ్లింది. నాన్న రోజూ మసీదుకు వెళ్లి, వెనక వరసలో నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి వచ్చేవాడు. తమ్ముడు పండగలకు తప్ప వెళ్లేవాడు కాదు. నాన్నకు చివరి జబ్బు చేసిన రోజుల్లో కూడా వాడు వెళ్లలేదు, నాన్న వెళ్లమనలేదు. ఆయన తన మాట నెగ్గడం చూడకుండానే పోయాడు. ఆయన్ని తప్పుపట్టిన వాళ్లదే గెలుపన్నట్టు చాలా ఏళ్లు గడిచాయి.

తమ్ముడికి తల నెరిశాక, ఎవరూ చెప్పకుండా, ఒక రోజు తెల్లవారుజామున లేచి ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని మసీదుకు వెళ్లాడు. ఆ తరవాత తెల్లవారుజాము నమాజు ఒక్కటే, మిగిలినవి లేవు, కానీ పోయే వారం వరకూ అది మానలేదు. ఎందుకు మొదలుపెట్టావని నేను అడగలేదు. అడిగితే అది నాకు లెక్క చెప్పినట్టవుతుందని వాడు అనుకోవచ్చు, బహుశా నాన్న కూడా అలాగే అనుకునేవాడు.

ఆ మేజిస్ట్రేటు గారి పొరపాటును నేను ఇప్పుడు తక్కువ చేసి చూడలేను, ఎక్కువ చేసీ చూడలేను. ఆయన తప్పు రాశారు. కళాయి పోసే మనిషి వచ్చి కాదంటే కుర్చీలో వెనక్కి వాలి విన్నారు. ఒకటి మార్చి, మళ్లీ కాదంటే రెండోదీ మార్చుకున్నారు. నాన్న పోయాక నేను చాలామంది కుర్రాళ్ల తండ్రుల్ని కోర్టు దగ్గర చూశాను, కొందరు నా దగ్గర చదువుకున్న పిల్లల తండ్రులే. వాళ్లు గేటు బయట చెట్టు నీడన నిలబడి, లోపలికి వెళ్లిన వకీలు ఏం చెబుతాడా అని ఎదురుచూస్తారు. వాళ్ల పిల్లాడి చేత దేవుడి పేరు ఎవరు పలికిస్తున్నారో, ఎవరు పలకనివ్వడం లేదో, దాని గురించి వాళ్లకు ఏమనిపిస్తోందో, ఆ గేటు లోపల ఎవరికీ అవసరం లేదు. కేసు ఏళ్లు నడుస్తుంది, అప్పటికి పిల్లవాడు పిల్లవాడు కాడు. శిక్ష రాసే ముందు తండ్రిని కూర్చోబెట్టి, ఏం చేయమంటావని అడగడం ఇప్పుడు లేదు.